పికప్ బండికి బల్ల బాడీయా, తొట్టి బాడీయా?



మన డెల్టాలో ఇంటింట ఎడ్లబండి ఉన్న రోజులలో, బండి ఒక్కటే అయినను దాని కట్టు పనిని బట్టి మారుచుండెడిది. పెంట తోలునపుడు చుట్టును తడికెలు కట్టెడివారు. వరి మోపులు తెచ్చునపుడు తడికెలు తీసివేసి, గుంజలు నాటి, మోకులతో బిగించెడివారు. ధాన్యము మిల్లుకు తోలునపుడు బల్ల మీద బస్తాలు పేర్చి తాళ్ళు కట్టెడివారు. పెండ్లికో తీర్థమునకో పోవుటకు గూడు బండి వేరుగ ఉండెడిది. సరుకును బట్టి బండి కట్టు మారవలెనను సంగతి మన పెద్దలకు ఎవరును నేర్పనవసరము లేకపోయినది.

నేడు ఆ ఎడ్లబండి స్థానమున పికప్ బండి వచ్చినది. 2005లో టాటా ఏస్ వెలువడిన నాటినుండి చిన్న సరుకు బండ్లు పల్లె పల్లెకును చేరినవి. అంతకంటె పెద్దవైన పికప్ బండ్లను, నాలుగు చక్రములకును ఇంజను బలము అందు ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లను కూడ కొందరు రైతులు కొనుచున్నారు. బండి కొనునపుడు ఇంజనును గురించి, మైలేజిని గురించి, నెలసరి వాయిదాను గురించి నలుగురిని విచారించెదరు. వెనుకనుండు బాడీని గురించి మాత్రము ఆలోచించువారు తక్కువ. పెద్దదైన కొలది మంచిదే కదా అని ఊరకుందురు. ఇది పొరపాటు. బాడీ మన పనికి సరిపడనిచో ప్రతిదినము కూలి ఖర్చు పెరుగును. సరుకు నలిగి పాడగును. ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి వచ్చును. కావున ఈ విషయమును కొంచెము వివరముగా పరిశీలింతము.

రెండు రకముల బాడీలు

పికప్ బండ్ల బాడీలు ముఖ్యముగా రెండు రకములు.

మొదటిది బల్ల బాడీ. కంపెనీవారు దీనిని ఫ్లాట్ డెక్ లేక ఫ్లాట్ బెడ్ అందురు. వెనుక చక్రములకు పైగా, ఛాసిస్ మీద చదునైన బల్ల అమర్చి, మూడు వైపులను క్రిందికి వాలు డోర్లు పెట్టుదురు. డోర్లు వాల్చినచో ప్రక్కలనుండి గాని, వెనుకనుండి గాని సరుకు ఎత్తవచ్చును, దింపవచ్చును. కావలసినపుడు గుంజలు, జాలీలు దిగవేసి ఎత్తు పెంచవచ్చును. ఇది మన తడికెల బండి వంటిది.

రెండవది తొట్టి బాడీ. క్యాబిను రూపముతో కలిసిపోవునట్లు వంచిన రేకుతో దీనిని చేయుదురు. ప్రక్క గోడలు తెరచుకొనవు. వెనుక డోరు ఒక్కటే తెరచుకొనును. తొట్టి అడుగు బల్ల కంటె కొంత క్రిందుగ ఉండును. అందుచే చక్రముల గూళ్ళు రెండు వైపులను లోపలికి పొడుచుకొని వచ్చును. చూపునకు అందముగ ఉండును. రెండు వరుసల సీట్లు గల బండ్లకు ఎక్కువగా ఇదే ఉండును.

మన రాష్ట్రములోనే, శ్రీసిటీలో 2016 నుండి తయారగుచున్న ఇసుజు డి-మాక్స్ బండ్లలో బల్ల బాడీ గలవియు, తొట్టి బాడీ గలవియు కలవు. కావున రెండు రకములను షోరూములలో ప్రక్క ప్రక్కనే చూచి పోల్చుకొనవచ్చును. కొన్ని కంపెనీలు బాడీ లేకుండ క్యాబిను, ఛాసిస్ మాత్రమే అమ్మును. అట్టి బండికి మనమే బాడీ కట్టించుకొనవలెను.

ఈ ఎంపిక మనకే కొత్త కాదు. ఆస్ట్రేలియా దేశములో 1932 ప్రాంతమున ఒక రైతు భార్య ఫోర్డు కంపెనీకి ఉత్తరము వ్రాసినదని చెప్పుదురు. ఆదివారము చర్చికి పోవుటకును, సోమవారము పందులను సంతకు తోలుటకును ఒకే బండి కావలెనని ఆమె కోరినదట. 1934లో ఆ కంపెనీ ముందు కారు వలెను, వెనుక తొట్టి వలెను ఉండు బండిని తయారు చేసినది. కుటుంబమునకును, సరుకునకును ఒకే బండి అను కోరిక నాటినుండియు ఉన్నది. అయితే రెండు పనులలో ఏది ఎక్కువ దినములు చేయుదుమో దానినిబట్టియే బాడీని ఎన్నుకొనవలెను.

ముందుగా బరువు లెక్క

బండి పట్టా పుస్తకములో, అనగా ఆర్‌సీలో, రెండు బరువులు వ్రాసియుండును. ఒకటి ఖాళీ బండి బరువు. రెండవది సరుకుతోను, మనుషులతోను కలిపి ఉండదగిన మొత్తము బరువు. ఈ రెండింటి తేడాయే మనకు మిగులును. ఆ తేడాలో నుండి డ్రైవరు బరువు, తోడు మనిషి బరువు కూడ తీసివేయవలెను.

ఉదాహరణకు, ఒక బండి మొత్తము బరువు 2,900 కిలోలు, ఖాళీ బరువు 1,650 కిలోలు అనుకొందము. తేడా 1,250 కిలోలు. ఇద్దరు మనుషులకు 140 కిలోలు తీసివేసిన 1,110 కిలోలు మిగులును. 75 కిలోల ధాన్యపు బస్తాలు 14 వేయవచ్చును. ఇప్పుడు అదే ఛాసిస్ మీద దళసరి రేకుతో, బరువైన యాంగిల్సుతో 150 కిలోలు అధికముగ ఉండు బాడీ కట్టించితిమనుకొందము. మిగులునది 960 కిలోలే. బస్తాలు 12 మాత్రమే పట్టును. బండి బ్రతికి ఉన్నంత కాలము ప్రతి ట్రిప్పునకు రెండు బస్తాలు నష్టము. కావున "గట్టిగ ఉండవలెను" అని ఇనుము పోగు చేయించుట లాభము కాదు.

రేకు బరువు సులభముగ లెక్క కట్టవచ్చును. ఒక చదరపు మీటరు ఇనుప రేకు, ఒక మిల్లీమీటరు మందమునకు సుమారు 8 కిలోలు తూగును. అల్యూమినియము రేకు 3 కిలోల లోపే. 8 అడుగుల పొడవు, 5½ అడుగుల వెడల్పు గల బల్ల సుమారు 4 చదరపు మీటర్లు. దానికి 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు వేసిన 95 కిలోలకు పైగా తూగును; అల్యూమినియమైన 33 కిలోలు. అల్యూమినియము ధర ఎక్కువ, అతుకు వేయగల పనివారు తక్కువ. ఈ రెండును చూచుకొని నిర్ణయించుకొనవలెను.

ఇక గోడల ఎత్తును గురించి. పై కొలతల బల్లకు ఒకటిన్నర అడుగు డోర్లు ఉన్నచో లోపల 66 ఘనపుటడుగుల చోటు ఉండును. అందు విడి ధాన్యము నింపినచో సుమారు 1,075 కిలోలు తూగును. అనగా ఒకటిన్నర అడుగు ఎత్తుకే మన బండి బరువు నిండినది! యంత్రముతో కోసిన పచ్చి ధాన్యమైనచో ఇంకను ముందే నిండును. డోర్లను మూడు అడుగులకు పెంచినచో రెండు టన్నులకు పైగా పట్టును. పట్టును గనుక నింపవలెనని తోచును. ఇసుక సంగతి మరియు ప్రమాదకరము: అదే బల్ల మీద అర అడుగు ఎత్తున పరచిన ఇసుకయే సుమారు ఒక టన్ను తూగును.

గోడ ఎత్తు పెరిగిన కొలది ఆశయు పెరుగును. కమాను కట్టలు వంగును, టైర్లు పగులును, బ్రేకు అందదు. కావున బరువైన సరుకునకు పొట్టి డోర్లే మేలు. తేలికైన సరుకు తోలునపుడు మాత్రము తీసి పెట్టుకొనదగిన జాలీలను ఎక్కించుకొనవలెను. మొదటిసారి సరుకు వేసినపుడు ఒకసారి వేబ్రిడ్జి కాటా మీద తూకము వేయించి, ఎంత ఎత్తునకు బరువు నిండినదో చూచి, డోరు లోపలి వైపున రంగుతో గీత గీసికొనుడు. తరువాత ఆ గీత దాటి నింపవలదని బండి తోలువానికి చెప్పుట సులభము.

ఏ సరుకునకు ఏ బాడీ?

ధాన్యపు బస్తాలు: బల్ల బాడీ మేలు. మూడు వైపులనుండి బస్తాలు అందించవచ్చును. తొట్టిలోనైనచో ప్రతి బస్తాను వెనుక డోరునుండియే లోపలికి ఈడ్చవలెను. పైగా చక్రముల గూళ్ళ మధ్య సుమారు మూడున్నర అడుగుల వెడల్పే ఉండుటచే వరుసలు సరిగ కుదరవు. విడి ధాన్యము తోలునపుడు బల్ల బాడీ డోర్ల సందులలో నుండి గింజలు కారును. అడుగున బరకము పరచి అంచులు పైకి మడిచిన ఈ నష్టముండదు.

కొబ్బరి: అంబాజీపేట మార్కెట్టునకు ఒలిచిన కాయలు విడిగా తోలువారికి గోడలు కావలెను. ఇందుకు తొట్టియు పనికి వచ్చును, జాలీలు దిగవేసిన బల్లయు పనికి వచ్చును. దింపు తీసిన ఒలవని కాయలు తోలినచో బల్ల బాడీయే నయము. వెనుక డోరు, ప్రక్క డోరు వాల్చగానే కాయలు దొర్లి దిగును. కాయలు పడి రేకు సొట్టలు పోకుండ ఉండుటకు అడుగున చెక్క బల్లలు వేయించుకొనుట మంచిది. విరిగిన బల్లను ఊరి వడ్రంగియే మార్చగలడు.

అరటి గెలలు: రావులపాలెము మార్కెట్టునకు గెలలు తోలువారికి ముఖ్యమైనది నలగకుండుట. తొట్టిలోని చక్రముల గూళ్ళ అంచులకు రాచుకొని కాయ నల్లబడును. చదునైన బల్ల మీద ఎండుటాకు దట్టముగ పరచి, వరుసకును వరుసకును నడుమ ఆకు వేసి, ప్రక్కలకు జాలీలు కట్టవలెను. గాలి ఆడును, కాయ వేడెక్కదు.

నర్సరీ మొక్కలు: కడియము, కడియపులంక ప్రాంతమున మొక్కల కుండీలు, సంచులు తోలువారికి చదునైన బల్లయు, దాని మీద పొడవైన గుంజలును కావలెను. గుంజల మీద షేడ్‌నెట్ కప్పినచో రోడ్డు గాలికి ఆకులు చిరగవు. తడిసిన మట్టి కుండీలు చూపునకు చిన్నవైనను మిక్కిలి బరువని మరువరాదు.

రొయ్యలు, చేపలు: ఐసు వేసిన ట్రేలు బల్ల మీద చక్కగ పేర్చవచ్చును. అయితే ఐసు కరగి కారు ఉప్పు నీరు బల్ల సందులలో నుండి ఛాసిస్ మీదను, బ్రేకు గొట్టముల మీదను పడరాదు. బల్ల మీద అతుకు లేని రేకు వేసి, ఒక మూలకు వాలు పెట్టి, అక్కడనుండి గొట్టము ద్వారా నీటిని నేలకు దింపవలెను. మేత బస్తాలకు ఏ బాడీయైనను సరిపోవును. వాన తగులకుండ కప్పుట ముఖ్యము.

నీటి టాంకులు: పిల్లను గాని, మందు కలిపిన నీటిని గాని టాంకులలో తోలువారు ఒక సంగతి గమనింపవలెను. లీటరు నీరు ఒక కిలో. వెయ్యి లీటర్ల టాంకు నిండిన వెయ్యి కిలోలు. సగము నింపిన టాంకులో నీరు ఊగిసలాడి, మలుపులలో బండిని ప్రక్కకు లాగును. ఒక పెద్ద టాంకుకు బదులు చిన్న టాంకులు రెండు పెట్టి, ఒకటి నిండుగను, ఒకటి ఖాళీగను ఉంచుట మేలు. వాటిని ముందు వైపునకు జరిపి బల్ల అంచు హుక్కులకు కట్టివేయవలెను.

గడ్డి: గడ్డి తేలిక, చోటు ఎక్కువ పట్టును. అందుచే ఎత్తుగ వేయుదురు. పొలములలోను, గట్ల మీదను కరెంటు తీగలు క్రిందికి వ్రేలాడు చోట్లు ఉన్నవి. తీగ తగిలినచో గడ్డియు, బండియు, మనిషియు మిగులరు. చుట్టలుగ కట్టిన గడ్డిని క్యాబిను ఎత్తునకు మించకుండ వేసి, రెండు ట్రిప్పులు తోలుట ఉత్తమము.

మరి తొట్టి బాడీ ఎవరికి మంచిది? సరుకు వారమునకు ఒకటి రెండు దినములే తోలుచు, మిగిలిన దినములు పొలము చూచుటకును, కుటుంబముతో ప్రయాణములకును బండిని వాడువారికి మంచిది. మోటారు, పైపులు, మందుల పెట్టెలు, ఎరువు బస్తాలు నాలుగైదు, సంత సామాను - ఇట్టి చిల్లర సరుకు తొట్టిలో జారిపడదు. పైన మూత బిగించినచో వానకు తడవదు, దొంగల చేతికి దొరకదు. బరువు క్రిందుగ ఉండుటచే ఇట్టి బండి మలుపులలో నిలకడగ పోవును.

మన దారులు

కాటను దొర 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని ఆరంభించి, 1852లో ముగించెను. ఆనాడు త్రవ్విన కాలువలు సేద్యమునకే గాక పడవల రాకపోకలకు కూడ ఉపయోగపడెను. ధాన్యము పడవల మీద పోవుచుండెను. నేడు ఆ కాలువ గట్లే మన రోడ్లు. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క పల్లపు చేను; ఎదుట బండి వచ్చినచో ఒదుగుటకు చోటు తక్కువ. గట్టు దిగిన పుంత దారి. వాన కురిసినచో నల్లరేగడి బంకవలె అంటుకొనును. ఇట్టి దారులకు తగిన బాడీ ఎట్లుండవలెను?

మొదటిది వెడల్పు. బల్ల, చక్రముల వెలుపలి అంచును మించి బయటికి పొడుచుకొని రాకుండుట మంచిది. క్యాబినులో కూర్చున్నవానికి వెనుక బల్ల అంచు అద్దములో కనబడవలెను. కనబడని అంచు కల్వర్టు గోడకో, ప్రక్కన పోవు సైకిలువానికో తగులును.

రెండవది తోక. వెనుక చక్రమునకు ఆవల వ్రేలాడు బల్ల భాగమును తోక అందము. చేనులోనుండి గట్టు ఎక్కునపుడు ముందుగ నేలకు తగులునది ఇదియే. చక్రమునకు 4 అడుగుల వెనుక, నేలకు 2 అడుగుల ఎత్తున తోక ఉన్నచో, 4 అడుగుల దూరమునకు 2 అడుగులు లేచు ఏటవాలు వరకు ఎక్కవచ్చును. తోకను ఒక అడుగు పెంచినచో 5 అడుగులకు 2 అడుగులు లేచు వాలుకే నేలకు రాచుకొనును. మీ చేని ర్యాంపు వాలును ఒక కర్రతోను, తాడుతోను కొలిచి చూచుకొనుడు. పంటు మీదికి బండి ఎక్కించు రేవులలో కూడ ఇదే చిక్కు వచ్చును.

తోక పొడవైనచో ఇంకొక కీడు కలదు. బండి ఇరుసుల మధ్య దూరము 10 అడుగులు అనుకొందము. వెనుక ఇరుసుకు 3 అడుగుల వెనుక 300 కిలోల సరుకు వేసినచో, ముందు చక్రముల మీదనుండి 90 కిలోల బరువు లేచిపోవును. వెనుక ఇరుసు మీద 390 కిలోలు పడును. ముందు చక్రములు తేలికైన స్టీరింగు మాట వినదు. తడి గట్టు మీద ఇది కాలువలో పడు దారి. కావున బరువైన సరుకు ఎప్పుడును క్యాబిను వైపునకు, వెనుక ఇరుసుకు ముందుగ ఉండవలెను.

మూడవది ఎత్తు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు సాధారణముగ నేలకు ఎత్తుగ ఉండును. దాని మీద బల్ల బాడీ ఇంకను ఎత్తగును. బల్ల నడుము దాటి రొమ్ము ఎత్తునకు వచ్చినచో గంపలు ఎత్తు ఆడకూలీలకు దినమంతయు శ్రమ. కొనకముందు బండి ప్రక్క నిలబడి, ఒక బస్తా నిజముగ ఎత్తించి చూడుడు. ఎత్తు పెరిగినచో బండి తిరగబడు అపాయమును పెరుగును.

ఫోర్‌వీల్ డ్రైవ్ అవసరమా? తారురోడ్డునుండి కళ్లమునకు మంచి దారి ఉన్నవారికి అవసరము లేదు. వానకాలములో చెరువు గట్ల మీద దినదినము తిరుగు ఆక్వా రైతులకును, లంక భూములలో ఇసుక దారులు గలవారికిని ఉపయోగించును. అయితే అది బండిని ముందుకు లాగును గాని, ఆపుటకు తోడ్పడదు. జారుడు గట్టు మీద బ్రేకు వేసినచో ఏ బండియైనను ఒకటే. మరియు చాల పికప్ బండ్లలో ఆరిన తారురోడ్డు మీద ఫోర్‌వీల్ తీసివేసి నడపవలెను. లేనిచో ఇరుసులకును గేరులకును హాని కలుగును.

సరుకు మీద మనుషులను ఎక్కించరాదు

ఈ మాట వ్రాయకుండ ఈ వ్యాసము ముగింపరాదు. బల్లయైనను, తొట్టియైనను అది సరుకునకే గాని మనుషులకు కాదు. 2024 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలములో జీడిగింజల బస్తాలతో పోవుచున్న చిన్న లారీ రాత్రివేళ తిరగబడినది. బస్తాలతో పాటు పోవుచున్న కూలీలు ఆ బస్తాల క్రిందనే చిక్కుకొని ఏడుగురు మరణించిరి. వారు పని ముగించుకొని ఇండ్లకు చేరవలసినవారు.

నాట్లకో, కోతకో కూలీలను తొట్టిలో ఎక్కించుకొని పోవుట మన వైపున వాడుకగ ఉన్నది. "రెండు మైళ్ళే కదా" అందురు. తొట్టికి గోడలున్నవి గనుక భద్రమని కొందరి నమ్మకము. తిరగబడిన బండికి ఆ గోడయే మనిషిని నొక్కును. సరుకు బండిలో ఊరకే ఎక్కించుకొన్న మనుషులకు బీమా కంపెనీ బాధ్యత వహింపనక్కర లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అనగా నష్టపరిహారము బండి యజమాని మీద పడును. పొలము అమ్మినను తీరని అప్పు కావచ్చును; పోయిన ప్రాణము మాత్రము రాదు. కూలీలను ఆటోలోనో, బస్సులోనో పంపి ఆ చార్జీని కూలి ఖర్చులో లెక్క వేసికొనుడు.

బాడీ కట్టించునపుడు

ఖాళీ ఛాసిస్ కొని బాడీ కట్టించువారు ఈ క్రింది విషయములు పనివారితో ముందుగనే మాటలాడుకొనవలెను.

1. ఛాసిస్ పట్టాలకు వెల్డింగు పెట్టరాదు. పట్టాల పై అంచుకు గాని, క్రింది అంచుకు గాని కొత్త బెజ్జములు వేయరాదు. వేసినచో అక్కడనే పగులు పుట్టును. కంపెనీవారు ఇచ్చిన బెజ్జములలోనే బోల్టులు బిగింపవలెను.

2. బాడీకి, ఛాసిస్‌కు నడుమ రబ్బరు గాని, గట్టి చెక్క గాని వేయవలెను. గోతులలో ఛాసిస్ మెలి తిరుగును. ముందు బోల్టులు కొంచెము కదలికకు చోటిచ్చునట్లుండవలెను.

3. క్యాబినుకు, బాడీకి నడుమ రెండు అంగుళముల సందైనను ఉండవలెను. సరుకు ముందుకు జారి క్యాబినును గ్రుద్దకుండ ముందు వైపున గట్టి జాలీ పెట్టించవలెను.

4. తాళ్ళు కట్టు హుక్కులు బల్ల అంచు చట్రమునకే ఉండవలెను, డోర్లకు ఉండరాదు. డోరుకు కట్టిన తాడు, డోరు ఊడినచో సరుకును వదలివేయును.

5. డోరు గొళ్ళెములకు పిన్నులు ఉండవలెను. గొళ్ళెము ఊడి వాలిన డోరు ప్రక్కన పోవువారికి ప్రాణాంతకము.

6. వెనుక ఎర్రదీపములు, నెంబరు పలక డోరు వాల్చినపుడు కూడ కనబడవలెను. వెనుకను, ప్రక్కలను మెరయు స్టిక్కర్లు అంటించవలెను.

తుప్పు

సముద్రపు గాలి, ఉప్పు నీరు, ఎరువులు - ఈ మూడును ఇనుమును తినును. మన తీరప్రాంతపు బండ్లకు ఈ మూడును తప్పవు. తొట్టి బాడీలో మూలలందును, చక్రముల గూళ్ళ వెనుకను బురద చేరి, లోపలినుండి తుప్పు పట్టును. పైకి కనబడునప్పటికి రేకు చిల్లులు పడియుండును. బల్ల బాడీలో పాడైన రేకును, చెక్కను వేరుగ మార్చవచ్చును. ఇది దీని పెద్ద సుగుణము.

జింకు పూత వేసిన రేకునే వాడవలెను. వెల్డింగు చేసిన చోట ఆ పూత కాలిపోవును గనుక అక్కడ మరల జింకు రంగు వేయవలెను. అల్యూమినియమును ఇనుము మీద నేరుగ బిగించినచో ఉప్పు తడికి అల్యూమినియము తినివేయబడును. నడుమ రబ్బరు వేయవలెను. రొయ్యలు గాని, పొటాషు, యూరియా గాని తోలిన దినము సాయంకాలమే మంచినీటితో బల్లను, దాని క్రింది భాగమును కడుగవలెను. నీరు పోవు బెజ్జములు మూసికొనిపోకుండ చూచుచుండవలెను.

చట్టము చెప్పునది

ఆర్‌సీలో వ్రాసిన రూపమునకు భిన్నముగ బండిని మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తప్పు. కావున తొట్టి బండి కొని, తరువాత తొట్టి ఊడదీసి బల్ల వేయింతమని అనుకొనవద్దు. మొదటనే నిర్ణయించుకొని కొనుడు. 2019 సవరణ ప్రకారము అధిక బరువు వేసినచో 20,000 రూపాయలు, దాని పైన అధికమైన ప్రతి టన్నునకు 2,000 రూపాయలు జరిమానా. సరుకు ప్రక్కలకు గాని, ముందు వెనుకలకు గాని, పైకి గాని హద్దు మీరి పొడుచుకొని వచ్చినను 20,000 రూపాయలు జరిమానా కలదు.

మొత్తము బరువు 3,000 కిలోలకు మించని సరుకు బండ్లకు పర్మిట్టు అవసరము లేదు. 7,500 కిలోల లోపు బండ్లను తేలిక వాహనముల లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చినది. సరుకు బండిగ నమోదైన కొత్త బండికి మొదటి 8 సంవత్సరములు రెండేండ్లకొకసారియు, తరువాత ఏటేటను ఫిట్‌నెస్ చేయించవలెను. కొన్ని తొట్టి బండ్లు సొంత వాహనములుగ నమోదగును. వాటి పన్ను, బీమా వేరు. మీరు కొనదలచిన బండి ఏ తరగతిలో నమోదగునో రవాణా కార్యాలయములో ముందే అడిగి తెలిసికొనుడు.

కొనకముందు వేసికొనవలసిన ప్రశ్నలు

ఒక కాగితము తీసికొని, గడచిన సార్వా, దాళ్వాలలో మీరు అద్దె బండ్ల మీద ఏ సరుకు, ఎన్ని ట్రిప్పులు తోలితిరో వ్రాసికొనుడు. తరువాత ఈ ప్రశ్నలకు సమాధానము వ్రాయుడు.

1. ఎక్కువ ట్రిప్పులు ఏ సరుకువి? అది బరువైనదా, తేలికైనదా? నలిగిపోవునదా?
2. ఎత్తువారు ఎందరు? బండి ప్రక్కకు వచ్చి ఎత్తుదురా, వెనుకనుండి ఎత్తుదురా?
3. మీ చేనికి పోవు దారిలో మిక్కిలి ఇరుకైన చోటు, మిక్కిలి నిటారైన ర్యాంపు ఎక్కడ ఉన్నవి?
4. ఉప్పు నీరు బండిని తాకునా?
5. కుటుంబ ప్రయాణములు నెలకు ఎన్ని దినములు?

సంవత్సరములో నూటికి డెబ్బది ట్రిప్పులు బస్తాలు, గెలలు, ట్రేలు అయినచో బల్ల బాడీ తీసికొనుడు. పొట్టి డోర్లు, తీసి పెట్టు జాలీలు చేయించుకొనుడు. సరుకు కొద్దియై, ప్రయాణములు ఎక్కువైనచో తొట్టి బాడీ తీసికొనుడు. కోత దినములలో పది ట్రిప్పులకు అద్దె బండి పిలుచుకొనుట చౌక. ఆ పది ట్రిప్పుల కొరకు పెద్ద బాడీ కొని, మిగిలిన సంవత్సరమంతయు దాని బరువునకు డీజిలు పోయవలదు.

మన పెద్దలు ఎడ్ల శక్తి చూచి బండి నింపెడివారు. అధికమైనచో ఎద్దు మోకరించి చెప్పెడిది. ఇంజను చెప్పదు; గట్టు మలుపు వరకు మోసికొనిపోయి అక్కడ వదలును. కావున ఆ లెక్క మనమే వేసికొని, మన సరుకునకు, మన దారికి, మన కూలీల నడుమునకు సరిపడు బాడీని ఎన్నుకొందము.